మందు పాటతో లేచిన హాలు

బుల్లెమ్మకు నోరెక్కువని వశిష్ఠ గోదావరి గట్టున ఉన్న ఆ పల్లెలో పిల్లాజెల్లా అందరికీ తెలుసు. పెనుగొండ వీధుల్లో చేపల గంప దించిందంటే బేరమాడేవాళ్ళు కూడా ఆచితూచి మాట్లాడతారు. ఆ నోటితోనే కొత్త కమ్యూనిటీ హాలు కట్టమని పెద్దల ప్రాణం తీసింది. తీయదా మరి! తుఫానుకు జనం పాత హాల్లో తలదాచుకుంటే, స్లాబు పెచ్చు ఊడి నెత్తిన పడి ఆమె మొగుడు అక్కడికక్కడే చచ్చాడు.

చందాలు పోగేశారు గానీ పునాదికే చాలలేదు. దాంతో కులపెద్ద బుల్లియ్య మందు పాట పెట్టాడు. ఊళ్ళో బెల్టుషాపు నడిపే హక్కు ఎవరు ఎక్కువకు పాడితే వాళ్ళది, ఆ సొమ్ము హాలుకి. చట్టం మాటేమిటంటారా? అక్కడ కట్టుబాటే చట్టం. ఒప్పుకున్నవాళ్ళను చెయ్యెత్తమంటే ఆడవాళ్ళలో ముందు ఎత్తింది బుల్లెమ్మే. హాలు లేస్తే చాలనుకుంది, పిచ్చిది.

పాట అబ్బులు పాడుకున్నాడు. షాపు తెచ్చి ఆమె వీధిలోనే పెట్టాడు. ఆమె కొడుకు అశోక్ చేపల వేటకు పోవడం మానేసి అక్కడే పడుండేవాడు. అదేంటని అడిగిన పెళ్ళాన్ని, దుర్గాశ్రీని, గొడ్డును బాదినట్టు బాదేవాడు. కోడలు చచ్చిపోయేలా ఉంది, షాపు తీయించండని బుల్లెమ్మ పెద్దల గుమ్మాలు ఎక్కి దిగింది. కొత్త హాలుకి స్లాబు పడ్డాక చూద్దామన్నారు.

స్లాబు పడకముందే ఓ మిట్టమధ్యాహ్నం, గంప దించుతుంటే కోడలి కేక వినిపించింది. అశోక్ ఆ పిల్ల జుట్టు పట్టుకుని ముఖాన్ని గడపకేసి కొడుతున్నాడు. దవడ విరిగి, నోటి నిండా నెత్తురు. బుల్లెమ్మ చూరులోని తెడ్డు లాగి కొడుకు మోచేతి మీద ఒక్కటిచ్చింది. ఎముక విరిగిన చప్పుడు పక్కింటికి వినబడింది. అంతటితో ఆగిందా? అదే తెడ్డుతో వెళ్ళి షాపులో ఒక్క సీసా మిగలకుండా పగలగొట్టింది. అబ్బులు మనుషులు ఆమెను ఆ గాజు పెంకుల మీదే పడేసి, పక్కటెముకలు విరిగేదాకా తన్నారు.

కొత్త హాల్లో మొట్టమొదటి పంచాయితీ ఆమెదే. కోడలి దవడ గురించి గానీ, ఆమె పక్కటెముకల గురించి గానీ ఒక్కడూ అడగలేదు, దిక్కుమాలిన సంత. అందరికీ సీసాల గొడవే. బుల్లెమ్మే అబ్బులు కాళ్ళమీద పడి తప్పయిందని చెప్పాలని, లేకపోతే ఊరు వెలేస్తుందని బుల్లియ్య తేల్చేశాడు.

"పడతానండి," అంది బుల్లెమ్మ.

డొక్క పట్టుకుని లేచింది. కాళ్ళు చాపుకుని కూర్చున్న అబ్బుల్ని దాటుకుని, ఆడవాళ్ళలోకి నడిచి, దవడకు కట్టుతో కూర్చున్న కోడలి కాళ్ళమీద పడిపోయింది. అత్త కోడలి కాళ్ళు పట్టుకోవడం ఆ పల్లెలో ఎవరూ చూసి ఎరగరు.

"పాట పెట్టండని చెయ్యెత్తింది నేనేనమ్మా. నీ దవడ ఇరగ్గొట్టింది నేనే."

దుర్గాశ్రీకి మాట్లాడే వీల్లేదు, పళ్ళు తీగలతో బిగించేశారు. ఏడుస్తూనే అత్త రెక్క పట్టుకుని లేపి, బుల్లియ్య వెలి అని అరుస్తుండగానే గుమ్మం దాటించింది. అశోక్ మాత్రం అబ్బులు పక్కనుంచి లేవలేదు.