కుడిచేతి సహవాసం

మా ఆయన ముప్పై ఏళ్లకు పైగా నాకు బైబిల్ చదివి వినిపించారు. బాప్తిస్మం తీసుకున్నది నేను, కానీ నాకు అక్షరాలు రావు. ఆయనకు చదువు వచ్చు, కానీ బాప్తిస్మం తీసుకోలేదు. ఇదేం చోద్యమని ఎవరైనా అడిగితే, "చదవడం నా డ్యూటీ, నమ్మడం ఆవిడ డ్యూటీ. పని పంచుకున్నాం" అనేవారు. ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ఏ మాటైనా డ్యూటీ దగ్గరికి, టికెట్ల దగ్గరికి రావలసిందే.

మా అమ్మాయి మమ్మల్ని మెల్‌బోర్న్ తెచ్చుకున్నాక, ఆ ఊరి శివారు టార్నీట్‌లోనూ అదే అలవాటు సాగింది. అన్నాలయ్యాక ఆయన కళ్లజోడు తుడుచుకుని కూర్చునేవారు. నేను తల మీద కొంగు వేసుకుని పక్కన కూర్చునేదాన్ని. ఇంట్లో హీటరు చప్పుడు, ఆయన గొంతు తప్ప ఇంకేం ఉండేది కాదు.

శుక్రవారాలు మా అమ్మాయి ఇంట్లోనే తెలుగువాళ్ల ప్రార్థన కూటం. మా పాస్టరుగారు చిన్నవాడు. వారమంతా గోడౌన్‌లో పని చేసి, ఆదివారం ఒక స్కూలు హాలు అద్దెకు తీసుకుని ఆరాధన జరిపేవారు. సంఘంలో పెద్దాయన ఒకరున్నారు, ఇంజినీరు. లావు లావు పుస్తకాలు చదువుతారు. అందరూ ఆయన్ని అంకుల్ అంటారు. ప్రార్థన అయిపోయి టీలు వచ్చేసరికి వీళ్లిద్దరికీ వాదన మొదలయ్యేది. మనిషి తనంతట తాను మారుమనస్సు పొందాలా, లేక ఎవరు రక్షణ పొందాలో దేవుడు ముందే నిర్ణయించేశాడా అన్నదే ఆ వాదన.

ఒక శుక్రవారం బాగా గుర్తుంది.

"దేవుడు పిలుస్తాడు అంకుల్. తలుపు తీయాల్సింది మనమే. బలవంతంగా తోసుకుని లోపలికి రాడుగా" అన్నారు పాస్టరుగారు.

"చచ్చినవాడు తలుపెలా తీస్తాడు బ్రదర్? పాపంలో మనిషి శవంతో సమానం. బైబిల్లో ఆ కవలపిల్లల సంగతి చూడండి. ఇద్దరూ కడుపులో ఉండగానే దేవుడు తమ్ముణ్ణి ఎన్నుకున్నాడు. వాళ్లు మంచీ చెడూ ఏం చేశారని అప్పటికి?" అన్నారు పెద్దాయన.

మా ఆయన బిస్కెట్టు టీలో ముంచుకుంటూ అన్నారు. "ఈయనేమో రిజర్వేషన్లు ఎప్పుడో అయిపోయాయంటారు. ఆయనేమో బస్సెక్కి టికెట్టు కొనుక్కోమంటారు. నేనేమో ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్నాను. ఏదో ఒకటి తేల్చండయ్యా, చెయ్యి నొప్పెడుతోంది."

అందరూ నవ్వారు.

"లోపలికి రండి బాబాయిగారూ, సీటుంది" అన్నారు పాస్టరుగారు.

"సీటుంది సరే. పక్క సీట్లో మా అన్న కూర్చుని ఉంటే?"

అప్పుడు ఎవరూ నవ్వలేదు. మా మామగారు పోయాక మా బావగారు ఇల్లు తన పేర రాయించుకుని, మా అత్తగారిని ట్రంకుపెట్టెతో సహా వర్షంలో వీధిలో నిలబెట్టారు. ఆవిడ కడదాకా మా దగ్గరే ఉంది. పోయేముందు పెద్దకొడుకు వస్తాడేమోనని గుమ్మం వైపే చూసింది. ఆయన రాలేదు. మా ఆయన బాప్తిస్మం తీసుకోకపోవడానికి అడ్డు అదొక్కటే. "వాణ్ణి క్షమించకుండా నీళ్లలోకి దిగితే తడిసి పైకొస్తాను, అంతే" అనేవారు. వెర్రిబీ దగ్గర సముద్రంలో మా సంఘంవాళ్లు బాప్తిస్మాలు ఇచ్చినప్పుడల్లా ఈయనా వచ్చేవారు. ఒడ్డున తువ్వాళ్లు పట్టుకుని నిలబడి, వణుకుతూ పైకొచ్చినవాళ్లకు కప్పేవారు.

"క్షమించే మనసు కూడా ఆయనే ఇవ్వాలండీ. అది మనవల్ల కాదు" అన్నారు పెద్దాయన ఆ రోజు.

"ఇవ్వమనండి మరి. నేనెక్కడికీ పోవట్లేదుగా, టార్నీట్‌లోనే ఉన్నాను" అన్నారు మా ఆయన.

ఆ చలికాలంలోనే ఒక సాయంత్రం, రోడ్డు పక్కన పెట్టిన చెత్తడబ్బా లోపలికి లాక్కొస్తూ పడిపోయారు. ప్రాణం నిలిచింది. పక్షవాతంతో కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట పోయింది. ఆస్పత్రి నుంచి తెచ్చి ముందుగదిలో మంచం వేశాం. తెలివి ఉంది. అన్నీ వింటారు. ఏం కావాలన్నా ఎడంచేత్తో నా చెయ్యి నొక్కుతారు. దాహమైతే నొక్కుతారు, పక్కకు తిప్పాలంటే నొక్కుతారు. ఏదన్నది నేనే వెతుక్కోవాలి.

నాలుగు రోజులు చూసి మా అమ్మాయిని అడిగాను, నాకు అక్షరాలు నేర్పమని.

"ఇప్పుడా అమ్మా? ఫోన్‌లో ఆడియో ఉంది. జస్ట్ ప్లే చేస్తే చాలు."

"ఫోను ఎవరికోసం చదువుతుందే? మీ నాన్న నాకోసం చదివారు."

అది సూపర్‌మార్కెట్టు కాగితాల వెనక లావు పెన్నుతో అ ఆలు రాసిచ్చింది. అరవై దాటాక అక్షరాలు పట్టుబడటం కష్టమే. గుణింతాలు లొంగాయి గానీ ఒత్తులు ఏడిపించాయి. అదీగాక నాకు ఇంకో తిప్పలుండేది. ముప్పై ఏళ్లుగా విన్న మాటలు కదా, సగం అక్షరాలు చూడగానే మిగతాది నోటికి వచ్చేసేది. పుస్తకంలో ఒకటుంటే నేను ఇంకోటి చదివేదాన్ని. వెంటనే ఆయన చెయ్యి నొక్కేవారు. మళ్లీ వెనక్కి వెళ్లి, వేలు పెట్టి, కూడబలుక్కుని చదివేదాన్ని. సరిగ్గా చదివితే చెయ్యి వదులయ్యేది. మొదట్లో ఒక పేజీకి ఎన్ని నొక్కులో. తప్పుకు టికెట్టు కొట్టినట్టే కొట్టేవారు.

శీతాకాలం పోకముందే ఆయనకు ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. ఇక రోజులే అని నర్సు చెప్పింది. మా అమ్మాయి పాస్టరుగారికి ఫోన్ చేసింది. పెద్దాయన కూడా వచ్చారు.

మా సంఘాల్లో ఒక ఆచారం ఉంది. బాప్తిస్మం పొందినవాళ్లకు అందరి ముందూ కుడిచెయ్యి ఇచ్చి సంఘంలో చేర్చుకుంటారు. కుడిచేతి సహవాసం అంటాం. పాస్టరుగారు ఎంతమందికి అలా చెయ్యి ఇచ్చారో. ఆ అలవాటుమీదే మంచానికి కుడివైపు మోకరించి, మా ఆయన కుడిచెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నారు.

"బాబాయిగారూ, నేను చెప్పేది వినండి. మీ అన్నగారిని క్షమించి, మీ పాపాలు ఒప్పుకుని ప్రభువు దగ్గరికి వస్తున్నారా? వస్తుంటే నా చెయ్యి నొక్కండి. చాలు."

అందరూ ఆ చేతి వంకే చూశారు. అది కదల్లేదు. పాస్టరుగారు మళ్లీ అడిగారు. కదల్లేదు. మా అమ్మాయి వెక్కి వెక్కి ఏడ్చింది. పడిపోయిన నాటినుంచి ఆ చెయ్యి కదలనిదని ఆ గదిలో తెలియనివాళ్లు లేరు. ఆ క్షణాన ఒక్కరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

నేను ఎడంవైపు ఉన్నాను. దుప్పటి కింద ఆయన ఎడంచెయ్యి నా చేతిలో ఉంది. అది నొక్కింది.

"ఇటు నొక్కారండీ" అన్నాను.

పాస్టరుగారు గబగబా ఇటు వచ్చి, ఎడంచెయ్యి పట్టుకుని మొదటినుంచీ అడిగారు. అప్పటికే మా ఆయన అలిసిపోయి కళ్లు మూసుకున్నారు. చెయ్యి మెత్తగా పడి ఉంది. పాస్టరుగారు ఆ చేతిని చాలాసేపు వదల్లేదు. లేచేటప్పుడు ఆయన మొహం చూడలేకపోయాను.

మూడోనాడు మా ఆయన పోయారు.

మాలో మనిషి పోతే కార్డు వేయిస్తారు. పైన ఫొటో, ఫొటో కింద 'ప్రభువునందు నిద్రించారు' అని. విశ్వాసంలో పోయినవాళ్లకే ఆ మాట. మా అల్లుడు కంప్యూటర్లో కార్డు చేస్తూ అక్కడ ఆగిపోయి పాస్టరుగారి వైపు చూశాడు. పాస్టరుగారు పెద్దాయన వైపు చూశారు.

"అమ్మ చెప్పారు కదా, ఎడంచెయ్యి నొక్కారని. మనసు మార్చుకున్నట్టే కదండీ" అన్నారు పాస్టరుగారు.

"మీ లెక్కలో అయినా మనసారా ఒప్పుకోవాలి కదా బ్రదర్. ఆయన దాహానికీ నొక్కుతారు, నొప్పికీ నొక్కుతారు." పెద్దాయన నా వైపు తిరిగారు. గొంతులో కాఠిన్యం లేదు. "అమ్మా, ఆ నొక్కు ఆ ప్రశ్నకేనని మీరు చెప్పగలరా? మీరు చెప్తే నేను కాదనను. వేసేద్దాం."

మా మనవరాలు మెట్లమీద కూర్చుని వింటోంది. "వై ఆర్ దే ఫైటింగ్ అబౌట్ తాతయ్య?" అని వాళ్లమ్మని అడిగింది.

ఊ అంటే చాలు. ఆ మాట కార్డు మీదికి వచ్చేది. పాస్టరుగారు నిర్భయంగా ప్రార్థించేవారు, మా అమ్మాయి అన్నం తినేది, నేను ఆయన్ని మళ్లీ చూస్తానని అందరిలో చెప్పుకునేదాన్ని. ఆ చేతిని నాకంటే ఎరిగినవాళ్లు లేరు. దాహమో, నొప్పో, నేను చదివినప్పటిలాగా 'తప్పు, మళ్లీ చెప్పు' అనడమో, అవుననడమో. అన్నిటికీ అదే నొక్కు.

"చెప్పలేనండి" అన్నాను.

కార్డు మీద ఆ మాట లేకుండానే అచ్చయింది.

మా అమ్మాయి వంటింట్లో నన్ను నిలదీసింది. "ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయేదమ్మా? ఎవరొచ్చి చెక్ చేస్తారు?"

"మీ నాన్న ఊరుకోరే" అన్నాను. అది నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

వెర్రిబీ సమాధుల తోటలో మట్టి చేశాం. సన్నగా వాన, గాలి. పెద్దాయనే అందరికంటే ముందు వచ్చి, చివరిదాకా గొడుగు నాకు పట్టి తాను తడిశారు. తిరిగి కారు దగ్గరికి నడుస్తుంటే మెల్లగా అన్నారు. "దేవుని ఏర్పాటులో ఆయన ఉంటే, మన కార్డు ఏమీ ఆపదమ్మా."

"లేకపోతే?" అన్నాను.

ఆయన నేల చూశారు. అన్నీ చదివిన మనిషి, నాకు అబద్ధం చెప్పలేకపోయారు. ఆయన మీద నాకు కోపం లేదు. కార్డు దగ్గర నేనూ అదే చేశాను.

ఒక సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. చెప్తే మళ్లీ అదే అడుగుతారు, నేను మళ్లీ అదే చెప్పాలి.

ఆయన పోయేముందు రోజు మధ్యాహ్నం కవలపిల్లల కథ తీశాను, ఆ శుక్రవారం వాళ్లు వాదించుకున్న కథే. ఎన్నో ఏళ్ల ఎడబాటు తర్వాత అన్నదమ్ములు ఎదురుపడే చోటు ఒకటుంది అందులో. మా ఆయన ఎప్పుడు చదివినా అక్కడికి రాగానే "ఇవాళ్టికి చాలు" అని పుస్తకం మూసేసేవారు. మర్నాడు ఇంకెక్కడో తీసేవారు. అందుకని ఆ మాటలు ఆయన గొంతులో నేను ఎన్నడూ వినలేదు. నోటికి రావడానికి నాలో ఏమీ లేదు. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, కూడబలుక్కుని చదివాను. తమ్ముడి చేతిలో మోసపోయిన అన్నే పరిగెత్తుకుని వచ్చి తమ్ముడి మెడమీద పడి ముద్దుపెట్టుకున్నాడని, ఇద్దరూ ఏడ్చారని.

ఆయన చెయ్యి నొక్కింది.

తప్పు చదివానేమోనని వెనక్కి వెళ్లి మళ్లీ చదివాను. మళ్లీ నొక్కింది. నీళ్లు పట్టాను, పెదవులు తెరవలేదు. పక్కకు తిప్పబోతే ఒళ్లు బిగబట్టారు. దీపం వేసి, పుస్తకం కళ్లకు దగ్గరగా పెట్టుకుని, ఒత్తులూ దీర్ఘాలూ చూసుకుంటూ మూడోసారి చదివాను. అప్పుడూ నొక్కింది.

ఇప్పటికీ ముందుగదిలో కూర్చుని రోజూ ఆ వాక్యం చదువుతాను. ఇప్పుడు నాకు చదువు బాగానే వచ్చు. అందులో నేను చేసిన తప్పేమిటో వెతుకుతుంటాను. ఎంత వెతికినా దొరకదు. అయినా వెతకడం మానితే ఆ చెయ్యి అన్నను క్షమించానందో, ఇవాళ్టికి చాలందో నేనే తేల్చుకోవాల్సి వస్తుంది. నాకు అంత ధైర్యం లేదు.