చుక్క నీళ్ళు పోయకుండా రామతీర్థం దాకా

మా బావ ఎర్రన్నకి నోరెక్కువ. ఆ నోటివల్ల ఊడిన ఉద్యోగాలు వేళ్ళమీద లెక్కపెట్టలేం. అయినా నరసన్నపేట చుట్టుపక్కల ఇంజను చప్పుడు విని రోగం చెప్పగలిగినవాడు అతనొక్కడే. బావమరిదిని కాబట్టి పొగుడుతున్నాను అనుకోకండి. బావని ఊరికే మెచ్చుకునే బావమరిది ఎక్కడైనా ఉంటాడా!

బావ బడి మొహం చూడలేదు. యుద్ధకాలంలో బొగ్గు గ్యాసుతో నడిచే బస్సు మీద క్లీనరుగా చేరి, మసి తుడుస్తూనే పని నేర్చుకున్నాడు. తరవాత బియ్యం మిల్లు నరసింగరావు బాబు దగ్గర డ్రైవరుగా కుదిరాడు. బాబుకి ఒక పాత అమెరికన్ కారుండేది, ఇంత పొడుగు ముక్కుతో. అరవై ఎనిమిదిలో దాని పెట్రోలు ఇంజను చచ్చింది. సామాన్లు ఎక్కడా దొరకలేదు. బావ ఎక్కడినుంచో ఒక డీజిలు ఇంజను తెచ్చి, మా పెరట్లోనే దాంట్లో బిగించాడు.

ఇంజను నడిచింది. కానీ ఉడికిపోయేది. ఐదు మైళ్ళకోసారి ఆగి రేడియేటరులో నీళ్ళు పోయాలి. రోడ్డుపక్క నూతుల దగ్గర ఆడవాళ్ళకి మేం అలవాటైపోయాం. "ఏటి ఎర్రన్నా, నీ గేదికి మళ్ళీ దప్పికేసినాదా?" అని దూరంనుంచే అరిచేవారు. స్కూలు పంతుల్ని, పక్కన కూర్చున్న నాకు తల కొట్టేసినట్టుండేది.

చివరికి విశాఖపట్నం మేస్త్రీ ఒకడు వచ్చి చూసి పెదవి విరిచాడు. ఈ ఇంజను దీనికి పనికిరాదన్నాడు. బాబు అక్కడికక్కడే తేల్చేశాడు. "సోమవారం పాత ఇనుము కొట్టువాడు వస్తాడు, తోసేద్దాం." ఆ కారు పోతే బావ పని కూడా పోయినట్టే. ఆ నోటికి ఇంకొకరు బండి ఇస్తారా!

ఆ సాయంత్రం మా అమ్మ కూర్మమ్మ చుట్ట నిప్పు కొసని నోట్లో పెట్టుకుని, అడ్డపొగ తాగుతూ, ఆడుతున్న ఇంజను ముందు నిలబడి బావని తిట్టిపోస్తోంది. అతనికి ఆవిడ అత్తగారే కాదు, సొంత మేనత్త కూడా. "బాగుసేసినావులే! కూతుర్నిచ్చి నెత్తిన పెట్టుకున్నందుకు నా పెరడంతా మసి సేసినావు!" తిట్టుకీ తిట్టుకీ మధ్య పొగ వదులుతోంది. బావ కళ్ళు ఆ పొగ మీద పడ్డాయి. ఫ్యాను లాగుతున్నప్పుడు పొగ రేడియేటరులోకి పోవాలి కదా? పోలేదు. అమ్మ మొహం చుట్టూ తిరిగి పైకి పోయింది.

"అత్తా, తిట్టడం ఆపకు. ఇంకో దమ్ము లాగు!" అని బావ గంతేశాడు.

సంగతేమిటంటే, కొత్త ఇంజను పొట్టిది. దాని ఫ్యాను రేడియేటరుకి జానెడు వెనక్కి పోయింది. అందుకని ముందునుంచి చల్లగాలిని లాగకుండా, పక్కనున్న ఇంజను వేడినే తిప్పి తిప్పి మింగుతోంది. "నీళ్ళు సాలక కాదురా, గాలి సాలక!" అన్నాడు బావ. రెండు కిరసనాయిలు డబ్బాలు కత్తిరించి, రేడియేటరు నుంచి ఫ్యాను చుట్టూ వచ్చేలా రేకు గూడు కట్టాడు. పక్క సందులన్నీ పాత ట్యూబు ముక్కలతో మూసేశాడు. అమ్మ మళ్ళీ పొగ వదిలితే గుటుక్కున లోపలికి పోయింది.

తిన్నగా బాబు దగ్గరికి నడిచాడు. "ఆదివారం రామతీర్థంలో మీ మేనకోడలి పెళ్ళికి ఈ కార్లోనే తీసుకెల్తాను. దార్లో సుక్క నీళ్ళు పొయ్యను. ఉడికితే ఇనుముకేసీండి. ఉడక్కపోతే కారు ఉండాల. మీరు ముందు సీట్లో కూకోని, ఏడి సూపించే ముల్లు మీ కళ్ళతో సూడాల." బాబు సరేనన్నాడు. ఆదివారం బయల్దేరేముందు బావ రేడియేటరు మూత ఎవరూ తియ్యకుండా దానికి ఇనపతీగ చుట్టి మెలిపెట్టాడు.

శ్రీకాకుళం దాటేదాకా ముల్లు కదల్లేదు. ఆ తరవాత రైలు గేటు పడింది. వైశాఖం ఎండ, మిట్టమధ్యాహ్నం, ఎదురుగా ఎంతకీ తరగని గూడ్సు బండి. కారు నిలబడితే ఎదురుగాలి ఉండదు, ఉన్నదంతా ఆ ఫ్యాను గాలే. ముల్లు లేచి ఎర్రగీతకి గింజెడు దూరంలోకి వచ్చింది. వెనక సీట్లోంచి నేను మెడ సాచి ముల్లునే చూస్తున్నాను.

"ఆపరా ఇంజను!" అని బాబు అరిచాడు.

"ఆపితే ఫ్యానూ ఆగిపోతాది. తొక్కితే ఇంకా గాలి లాగుతాది." బావ ఆపకపోగా యాక్సిలరేటరు తొక్కాడు. ఇంజను హోరెత్తింది.

"పిచ్చెక్కిందేట్రా నీకు!"

"నన్ను సూడకండి బాబూ, ముల్లు సూడండి."

ముల్లు అక్కడే తచ్చాడింది. గూడ్సు చివరి పెట్టె దాటేసరికి మెల్లగా వెనక్కి వాలింది. "శభాష్ బావా!" అని అరిచేశాను, బాబు ఉన్నాడన్న భయం కూడా లేకుండా.

రామతీర్థంలో పెళ్ళివారు కారు చుట్టూ మూగారు. "ఇది ఇనుముకి పోయిందన్నారే?" అని ఎవరో అడిగారు. బాబు మొహం తుడుచుకుని, "విశాఖపట్నం నుంచి పెద్ద మేస్త్రీని పిలిపించి బాగుచేయించాను" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. బావ తాళంచెవి తీసి బానెట్టు మీద పెట్టాడు. "అయితే ఆ మేస్త్రీ సేతే తోలించుకోండి. నాను బస్సుకి పోతాను."

చెయ్యి పట్టుకుని పక్కకి లాగాను. "బావా, నిలబెట్టిన కారు మళ్ళీ ఇనుముకి పోతాది, ఊరుకో!"

"పోనీరా. ఇనుముకెల్తే కారొక్కటే పోతాది. నోరు మూసుకుంటే నానే పోతాను."

అందరూ బాబునే చూస్తున్నారు. బాబు తాళంచెవిని చూశాడు, బావని చూశాడు, తల దించుకున్నాడు. "ఎర్రన్నే చేశాడు. కారు అమ్మను" అని గొణిగాడు.

"గట్టిగా సెప్పండి బాబూ" అన్నాడు బావ. "ఎనకున్నోళ్ళకి ఇనపడ్లేదు."