కుర్చీల మాస్టారు

హాల్లో వేసిన ప్రతి కుర్చీలోనూ ముందు తను కూర్చుని చూస్తేగానీ కుర్చీల మాస్టారు సభ జరగనివ్వడని ఊరంతా చెప్పుకుంటారు. సభలూ సమావేశాలూ జరిపించి పెట్టడం ఆయన వృత్తి, కూర్చోవడం ఆయన వ్యసనం. అసలు పేరు ఇంటావిడకైనా గుర్తుందో లేదో అనుమానమే.

పంపుల కంపెనీలో పనిచేసే ఇంజనీరమ్మకు ఆయన సంగతి చెప్పింది వాళ్ల మేనేజరే. కొత్త పంపును డీలర్లకు పరిచయం చేసే సభ ఏర్పాట్లు ఆమె నెత్తిన పడ్డాయి.

"ఆయన్ని పెట్టుకోమ్మా. పని నిక్కచ్చిగా చేస్తాడు. కాకపోతే ఒట్టి చాదస్తం. నా సభకైతే చివరి వరస దాకా ఒక్క కుర్చీ వదల్లేదు!" అని మేనేజరు పొట్ట పట్టుకుని నవ్వాడు.

ఇంజనీరమ్మకు నవ్వు రాలేదు. ఆ పంపు ఆమె బుర్రలో పుట్టి, ఆమె చేతుల్లో పెరిగింది. దాని గురించి చెప్పాల్సిందీ ఆమే. అయితే ఎదురుగా నలుగురు కనిపిస్తే చాలు, భయంతో ఆమె చెప్పాల్సిందంతా మర్చిపోతుంది. "నీ వల్ల కాకపోతే చెప్పు, సేల్సాయన మాట్లాడతాడు" అన్నాడు మేనేజరు. సేల్సాయనకు ఆ పంపులో నీళ్లు ఎటు నుంచి ఎటు పోతాయో తెలియదు కానీ, మైకు దొరికితే వదిలే రకం కాదు. ఆయన మాట్లాడితే రేపటి నుంచి అది ఆయన పంపే అవుతుంది.

ఆమె కబురు పెడితే మాస్టారు వచ్చాడు. భోజనాల గురించి అడగలేదు, పూల గురించి అడగలేదు.

"మాట్లాడేదెవరు తల్లీ?"

"నేనేనండీ" అంది. ఆ మాట ఆమెకే సరిగ్గా వినపడలేదు.

మాస్టారు ఆమెను ఎగాదిగా చూసి నిట్టూర్చాడు. "అయితే అన్నిట్లోనూ కూర్చోవాల్సిందే."

సభకు ముందురోజు ఖాళీ హాల్లో ఆమెను మైకు ముందు నిలబెట్టి, మొదటి వరసలో మొదటి కుర్చీలో కూలబడ్డాడు.

"మైకు పరీక్ష. మీ ప్రసంగమే చదవండి."

నాలుగు ముక్కలు చదివిందో లేదో లేచి పక్క కుర్చీలోకి మారాడు. "ఇక్కడ వినపడట్లేదు. మళ్లీ మొదట్నించి!"

కుర్చీ మారినప్పుడల్లా మనిషీ మారేవాడు. ఒక దాంట్లో చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని "ఏంటమ్మా, గట్టిగా!" అని అరిచాడు. ఇంకో దాంట్లో గురక పెట్టాడు. స్తంభం పక్క కుర్చీలోంచి మెడ సాచి "ఇంతకీ ఈ పంపు ఎవరు తయారుచేశారు?" అన్నాడు.

"నేనే!" అంది ఆమె విసుగ్గా.

"ఎవరూ?"

"నేనేనండీ బాబూ!" హాలు మారుమోగింది.

"ఆఁ, ఈ కుర్చీ పర్వాలేదు" అంటూ లేచాడు.

ఆయన చివరి వరస చేరేసరికి ఆమెకు కాళ్లు లాగుతున్నాయి, కడుపు నకనకలాడుతోంది, ఒళ్లు మండుతోంది. ఇన్నిటి మధ్య భయపడడానికి తీరిక చిక్కలేదు. కాగితం ఎప్పుడో బల్లమీద వదిలేసింది.

మర్నాడు హాలు నిండింది. సేల్సాయన టై సవరించుకుని మరీ ముందు వరసలో సిద్ధంగా కూర్చున్నాడు. ఆమె మైకు ముందుకు రాగానే ఒక పెద్దాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని "గట్టిగా అమ్మా!" అని కేకేశాడు. ఆమెకు ఫక్కున నవ్వొచ్చింది. ఆయన్ని నిన్ననే చూసేసింది కదా! గురక పెట్టేవాడు, స్తంభం చాటువాడు, అందరూ పాతవాళ్లే. పంపు గుట్టంతా విప్పి చెప్పింది. చప్పట్లు ఆగలేదు. సేల్సాయన టై వదులు చేసుకున్నాడు.

సభయ్యాక ఆమె మైకు మనిషి దగ్గరికి వెళ్లింది. "మొత్తానికి మైకు బాగుచేశారన్నమాట! నిన్న ఏ కుర్చీకీ వినపడలేదుగా."

"దానికేమైందండీ? నిన్న కూడా లక్షణంగా ఉంది" అన్నాడతను తీగలు చుడుతూ. "మాట్లాడేవాళ్లు గట్టివాళ్లయితే మాస్టారు రెండు కుర్చీల్లో కూర్చుని టీకి వెళ్లిపోతారు. భయపడే వాళ్లయితేనే చివరి వరస దాకా వెళ్తారు."

ఇంజనీరమ్మకు మేనేజరు మాట గుర్తొచ్చింది. చివరి వరస దాకానా? అయితే పొట్ట పట్టుకుని నవ్విన మేనేజరు గారు కూడా... మాస్టారి చాదస్తం గురించి కథలు చెప్పే పెద్దమనుషులంతా... ఆమెకు ఒకటే నవ్వు. మాస్టారి మీద అంతకు రెట్టింపు ప్రేమ పుట్టుకొచ్చింది.

అటు చూస్తే ఆయన పని ముగించుకుని, పట్టేసిన నడుం నొక్కుకుంటూ నిలబడే కాఫీ తాగుతున్నాడు. ఆమె కుర్చీ తెచ్చి వేసింది.

"వద్దు తల్లీ, చూడ్డానికే చిరాగ్గా ఉంది" అన్నాడు.

కొన్నాళ్లకు స్టోర్సు గుమాస్తా బిక్కమొహంతో ఆమె దగ్గరికి వచ్చాడు. "మేడమ్, ఈసారి సభ నా మీద పడింది. మాట్లాడాలట కూడా. ఏర్పాట్లకు ఎవర్ని పిలవను?"

"కుర్చీల మాస్టారిని పెట్టుకోండి" అంది ఇంజనీరమ్మ. "కాకపోతే ఒట్టి చాదస్తం. నా సభకైతే చివరి వరస దాకా ఒక్క కుర్చీ వదల్లేదు!"

అని పొట్ట పట్టుకుని నవ్వింది.