మాస్టారు చేసిన రెండు వేళ్లు

మాస్టారు పోయారన్న కబురు వచ్చినప్పుడు నేను కారు బానెట్టు రుద్దుతున్నాను. అరచేతిలో పట్టేంత కారు. ఫోన్ చేసింది ఆయన భార్య, నేను పిన్నిగారూ అని పిలిచే ఆవిడ. "మీ మాస్టారు టీ తాగి కుర్సీలో కూకున్నారమ్మా. మరి లెగలేదు," అంది. ఫోన్ స్పీకర్లో పెట్టి వింటూనే రుద్దుతున్నాను, విన్నాక కూడా చెయ్యి ఆపలేదు. నన్ను రాతిగుండె మనిషి అనుకుంటే అనుకోండి. గరుకు వాటర్ పేపరు తడిపి రుద్దేటప్పుడు సగంలో ఆపితే అక్కడ గీత పడిపోతుందని నేర్పింది ఆయనే. బానెట్టు పూర్తి చేసి, కడిగి, గుడ్డ మీద బోర్లించి, అప్పుడు ఏడ్చాను.

మీలో చాలామందికి ఆయన తెలియకపోవచ్చు. కానీ మీ ఇంట్లో తాతగారో అమ్మమ్మగారో అనకాపల్లిలో పళ్లు కట్టించుకుని ఉంటే, మాస్టారి చేతిపని మీ ఇంట్లో ఏళ్ల తరబడి జంతికలు నమిలే ఉంటుంది. ఆయన పళ్ల డాక్టరు కాదు. డాక్టర్లు నోటి అచ్చు తీసి పంపితే, దాన్నిబట్టి పళ్ల సెట్టు తయారుచేసే మెకానిక్కు. గవరపాలెంలో ఇంటి వెనక ఒక రేకుల గది, దాన్నిండా తెల్లటి ప్లాస్టర్ పొడి. కింది అరలో వరసగా పళ్ల సెట్లు. పై అరలో వరసగా బొమ్మ కార్లు, అసలు కారులో ఇరవై నాలుగో వంతు సైజువి. తలుపులు, స్టీరింగు, వైపర్లు, అన్నీ లెక్కగా ఉండేవి. వీధిలో వాళ్లకి కింది అర అంటే గౌరవం, పై అర అంటే నవ్వు. ఆ వయసులో బొమ్మలేమిటని ఆయన మొహం మీదే అడిగేవాళ్లు.  ఆయన మాత్రం వాళ్ల సెట్టు ఎక్కడ గుచ్చుకుంటోందో అడిగేవారు.

ఆ గదిలో ఒకే ఒక్క రూలు. 'పాపం' అన్న మాట అన్నవాళ్లు చీపురు తీసుకుని గది ఊడవాలి. ఒకసారి ఒక డాక్టరుగారే ప్యాంటు మడిచి ఊడ్చారట. నేను నమ్మలేదు, పిన్నిగారు ఒట్టేసి చెప్పింది.

నా సంగతి చెప్పకపోతే ఆయన సంగతి మీకు తెలీదు కాబట్టి చెబుతున్నాను. మాది కొండకర్ల వైపు ఊరు. చెరకు మాది, గానుగా మాదే. ఐదేళ్ల కిందట గానుగలో చెరకు పెడుతుంటే గాజు చిక్కుకుంది. కుడిచేతి చూపుడు వేలూ నడిమి వేలూ మొదలంటా పోయాయి. మా ఆయన ఇంజను ఆపడం ఒక్క క్షణం ఆలస్యమైతే చెయ్యే పోయేదని అందరూ అన్నారు. అలా అని నన్ను సంతోషించమన్నారు.

ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ నన్ను పల్లెత్తు మాట అనలేదు. నాకు మండింది అందుకే. కత్తిపీట ముందు కూర్చుంటే వంకాయలు లాక్కునేవాళ్లు. బిందె ఎత్తబోతే ఎవరో ఒకరు పరిగెత్తుకొచ్చేవాళ్లు. పేరంటానికి వెళితే నా మొహంతో కాకుండా నా చేతితో మాట్లాడేవాళ్లు. రెండేళ్లు తిరిగేసరికి నాకే అలవాటైపోయి, ఆ చెయ్యి పైట కింద దాచుకుని బతకడం మొదలుపెట్టాను. నిద్రలో కూడా దాచేదాన్నని మా ఆయన అనేవాడు.

అప్పుడు మా మరిది పెళ్లి కుదిరింది. ముహూర్తం వైశాఖంలో, ఇంకా నాలుగు నెలలుంది. మా అత్తగారు ఓ రోజు పక్కన కూర్చుని, పెద్దకోడలివి, అక్షింతలు ముందు నువ్వే వెయ్యాలి, ఫొటోలు తీస్తారు, వీడియో తీస్తారు, పళ్లు కట్టే మాస్టారు రబ్బరు బొమ్మలా వేళ్లు కూడా చేస్తాడట, ఓ మాటు వెళ్లి రా, అని నెమ్మదిగా చెప్పింది. ఆవిడ చెడ్డది కాదు. ఆవిడకి సిగ్గూ, నామీద జాలీ కలిసిపోయి ఏది ఏదో తెలియకుండా పోయింది. నాకూ వేళ్లు కావాలనే ఉంది. అబద్ధం ఎందుకు.

మాస్టారు నా ఎడమచేతి వేళ్లకి అచ్చు తీసుకున్నారు, దాన్ని చూసి కుడివి చెక్కుతానన్నారు. ఎప్పటికి అవుతాయని అడిగితే, టైము పడతాదన్నారు. బల్ల మీద ఒక పెట్టె తెరిచి ఉంది. ప్లాస్టిక్ చట్రానికి అతుక్కుని కారు ముక్కలు, మిరియపు గింజంత హెడ్‌లైట్లు, చీపురుపుల్లంత బంపర్లు. నేను ఎడమచేత్తో ఒకటి ముట్టుకుని చూశాను. ఆయన కళ్లద్దాల మీంచి చూసి, కత్తెర నా ముందుకి తోశారు.

"ఆ సెయ్యి కూడా బయటెట్టమ్మా. ఈ పనికి రెండూ కావాలి."

అంతే అన్నారు. బతిమాలలేదు, ధైర్యం చెప్పలేదు. నేను పెట్టాను. ఎందుకు పెట్టానో ఇప్పటికీ చెప్పలేను. ఆయన దానివైపు ఒక్కసారి, పళ్ల అచ్చుని చూసినట్టు చూశారు. తర్వాత తన పనిలో పడిపోయారు.

మా ఆయన బెల్లం మార్కెట్టుకి దిమ్మలు తెచ్చే రోజున నేనూ వచ్చేదాన్ని. వేళ్లు అయ్యాయా అని అడగడం, ఇంకా ఆరలేదని ఆయన అనడం, అయితే ఈలోగా ఇది కత్తిరించు అని ఓ చట్రం నా ముందు పడెయ్యడం. మొదటిరోజే సైడు అద్దం విరగ్గొట్టాను. రెండోసారి జిగురు ఎక్కువ పెట్టి ముందు గాజు మీద వేలిముద్ర వేశాను. ముందు పొడిగా అమర్చి చూసుకోమని, సరిగ్గా కూర్చుందని నమ్మకం కుదిరాకే జిగురు ముట్టుకోమని చెప్పేవారు. పళ్లకైనా అంతేనట, ముందు మైనంలో పెట్టి నోట్లో చూస్తారట. "పళ్లు కూకోవలసింది నోట్లోనమ్మా, అద్దంలో కాదు," అనేవారు. కార్ల విషయంలో ఆ మాటకి అర్థమేమిటో నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఓసారి చిన్న పట్టకారులోంచి హెడ్‌లైటు ఎగిరిపోయింది. నేల మీద పాక్కుంటూ వెతికాను. ఆయన కుర్చీలోంచి కదల్లేదు. మా ఇంట్లో అయితే ఈపాటికి నలుగురు వంగి వెతికేవాళ్లు. చీర నిండా ప్లాస్టర్ పొడి, కళ్లనిండా నీళ్లు, లోపల ఆయన్ని తిట్టుకుంటున్నాను. చాలాసేపటికి బల్లకాలు పక్కన దొరికింది. తీసింది ఏ చేత్తోనో నాకు అప్పుడే తట్టింది. కుడిచేతి బొటనవేలికీ ఉంగరం వేలికీ మధ్య ఆ హెడ్‌లైటు నిలబడి ఉంది. మాస్టారు చూడనట్టే చూసి, "అద్దీ. పట్టకారు కూడా అలాగే పట్టు," అన్నారు. ఆ రోజు ఇంటికెళ్లి వంకాయలు నేనే తరిగాను, ఎవరైనా లాక్కుంటే ఊరుకోనని ముందే చెప్పి మరీ.

నా మొదటి కారుకి తెల్లరంగు వేస్తానన్నాను. వద్దన్నారు. గానుగలాడే రోజుల్లో మన ఊళ్లో తెల్లరంగు నిలవదు, చెరకు పిప్పి కాల్చిన మసి గాల్లోనే ఉంటుంది, ఎండాకాలం దాకా ఆగమన్నారు. నేను వినలేదు. మూడు పలచటి పూతలు వేశాను, పాలమీగడలా వచ్చింది. ఇటు తిరిగి అటు తిరిగేలోగా కప్పు మీద నల్లటి రేణువులు. నా వేళ్లు మింగిన గానుగే మళ్లీ దీనికోసం వచ్చిందనిపించి, కోపంతో కొంగు పెట్టి తుడిచేశాను. కప్పంతా బూడిదరంగు చారలైపోయింది. మాస్టారు ఒక్క మాటే అన్నారు, ఎప్పటికీ మర్చిపోను.

"రంగు మసి పడి పోనాది కాదమ్మా. నువ్వు తుడిసేవు సూడు, అప్పుడు పోనాది. ఆరనివ్వాలి. ఆరినాక నీ ఇష్టం, రుద్దుకుంటావో ఉంచుకుంటావో."

రంగంతా బ్రేక్ ఆయిల్‌తో కడిగించి మళ్లీ మొదటినుంచి వేయించారు. నాకు ఒళ్లు మండిపోయింది, అయినా వేశాను.

ఫాల్గుణంలో అనుకుంటాను, ఒకరోజు ఎవరికో పళ్ల సెట్టు అర్జెంటుగా కావాలంటే పోత పోసే పౌడరూ ద్రవమూ నన్నే కలపమన్నారు. ఎంతసేపట్లో గట్టిపడుతుందని అడిగాను. వేణ్ణీళ్లలో పెడితే పూటలో అయిపోతుందన్నారు. చెప్పాక నాలిక కరుచుకున్నారు. నేను పాత్ర కింద పెట్టేశాను. అదే పౌడరుతో చేసే నా వేళ్లు రెండు నెలలైనా ఎందుకు ఆరలేదని నిలదీశాను. ఆయన సొరుగు లాగారు. పళ్ల సెట్టు పెట్టే చిన్న డబ్బాలో నా వేళ్లు రెండూ ఉన్నాయి. గోళ్లు, గోళ్ల మీది తెల్లటి మచ్చతో సహా నావే. మొదటి వారంలోనే చేసేశారట.

"మరి ఆరలేదని ఎందుకన్నారు?"

"నువ్వు ఆరలేదు కదమ్మా."

తిట్టాను. పెద్దాయన అని కూడా చూడకుండా నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన తల ఊపుతూ విన్నారు, అయ్యాక పెట్టుకుని చూడమన్నారు. పెట్టుకున్నాను. చెయ్యి చూడ్డానికి నిండుగా, అందంగా ఉంది. దాన్ని చూసుకుని ఏడుపొచ్చింది. సరే, సగంలో ఉన్న వైపరు అతికించి వెళదామని పట్టకారు తీసుకుంటే, ఆ రెండు వేళ్లూ కొయ్యల్లా అడ్డం. ఎలా పట్టుకున్నా వాటికే తగులుతోంది. విసుగొచ్చి ఊడదీసి బల్ల మీద పడేశాను. వైపరు అతికించేశాను. తల ఎత్తితే మాస్టారు ఆ వేళ్లని ప్లాస్టర్ ముద్దలో నిలబెడుతున్నారు, పైకి చూస్తున్నట్టు. ఏమిటిదని అడిగితే, నా కారు కప్పు తీసి వాటి మీద బోర్లించారు. రంగు వేసేటప్పుడు కారు నిలబడడానికి అంతకన్నా మంచి స్టాండు ఆయన దగ్గర లేదట. ఇద్దరం నవ్వాము, నేనైతే పొట్ట పట్టుకుని.

పెళ్లిలో మూడు వేళ్లతో అక్షింతలు వేశాను. మా అత్తగారు రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు విరిగిన కళ్లజోడు పట్టుకొచ్చి, "ఏటే, నువ్వు ఇలాటియ్యి అతికిత్తావట కదా," అని నా ముందు పెట్టింది. ఆ పెళ్లి ఫొటో మా హాల్లో ఉంది. వచ్చినవాళ్ల చూపు ముందు దేని మీద పడుతుందో నాకు తెలుసు. పడనివ్వండి.

చివరి ఏడాది మాస్టారి చేతులు వణికాయి. డాక్టర్లు అచ్చులన్నీ విశాఖలో మిషన్లకే పంపడం మొదలుపెట్టారు. పాపం అని నా నోటిదాకా వచ్చింది, చీపురు చూసి మింగేశాను. ఆయన మాత్రం మిగిలిపోయిన పళ్ల సెట్ల పౌడరుతో ఒక అంబాసిడర్ బాడీ పోత పోశారు, మొత్తం తన అచ్చుతో. చిగుళ్ల రంగు అంబాసిడర్ ఎక్కడైనా చూశారా? వణుకుతున్న చేత్తోనే నున్నగా రుద్దారు. తెల్లరంగు నువ్వే వెయ్యి అన్నారు. గానుగలు ఆగాక వేద్దామన్నాను. సరేనన్నారు. ఈ విడత గానుగలు ఆగకముందే ఆయన వెళ్లిపోయారు.

మూడోరోజు వెళ్లాను. ముందు గదిలో చుట్టాలు. ఒక పెద్దావిడ నా చెయ్యి చూసి, ఈ అమ్మాయేనా, అయ్యో పాపం, అంది. గోడకి ఆనుకుని కూర్చున్న పిన్నిగారు లేచి, వెనక్కి వెళ్లి, చీపురు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది. దుఃఖంతో మతి చలించిందని అనుకున్నారు అందరూ. పిన్నిగారి కళ్లనిండా నీళ్లు, మొహంలో మాత్రం మాస్టారి మొండితనం. ఆవిడ ఊడ్చేదాకా అక్కడే నిలబడింది.

సబ్బవరం నుంచి వచ్చిన మాస్టారి అల్లుడుగారు మంచివాడే. రేకుల గది ఖాళీ చేయించి, అత్తగారికి తోడుగా ఎవరినైనా అద్దెకు పెడదామని ఆలోచన. ఆ అరలు, అచ్చులు, బొమ్మలు ఎవరికిద్దామని అడుగుతున్నాడు. పిన్నిగారు నావైపు చూసింది. నేను వెనక గదిలోకి వెళ్లి, అంబాసిడర్‌ని ఆ రెండు వేళ్ల మీద నిలబెట్టి, కుడిచేత్తో తెల్లరంగు మొదటి పూత వేశాను. కిటికీ తెరిచే ఉంది. గానుగలన్నీ ఆడుతున్నాయి.

అప్పటినుంచి ప్రతివారం వెళుతున్నాను. పెద్దదినం కూడా అయిపోయింది. మొన్న అల్లుడుగారు గుమ్మంలో నిలబడి, గది ఎప్పటికి ఖాళీ అవుతుందని మర్యాదగానే అడిగాడు. కారు దగ్గరికి వచ్చి, ఆరిందేమో చూద్దామని వేలు చాపాడు. అతని వేలికీ కారుకీ మధ్య నా చెయ్యి అడ్డం పెట్టాను. కుడి చెయ్యే.

"ముట్టుకోకండి బాబూ. ఇంకా ఆరలేదు."

గుమ్మం అవతల పిన్నిగారు, అవును, టైము పడతాదన్నారు మీ మావగారు, అంది. అతను తల ఊపి వెళ్లిపోయాడు. కిటికీలోంచి ఒక మసి రేణువు వచ్చి, నా వేళ్ల మీద నిలబడ్డ తెల్ల అంబాసిడర్ కప్పు మీద నెమ్మదిగా వాలింది. నేను తుడవలేదు, కిటికీ మూయలేదు.