ఒకే మలుపు, రెండు తీర్పులు

హొసకోటె దాటాక ఉన్న మట్టి ట్రాక్ మీద ఈ రోజు మా క్లబ్ కార్ల పోటీ జరిగింది. ఇంటికొచ్చి రెండు గంటలైనా ఒకచోట కూర్చోలేకపోతున్నాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

పొద్దున మొదటి రేసులో మూడో మలుపు దగ్గర బ్రేకు ఆలస్యంగా వేసి, ముందున్న సునీత కారును గుద్దాను. తప్పు నాదే. శిక్షగా నా టైముకు పది సెకన్లు కలిపితే ఒప్పుకున్నాను. మధ్యాహ్నం రెండో రేసులో, అదే మలుపులో, ఇంకొకాయన నా కారును అంతకన్నా గట్టిగా గుద్దాడు. నా పాత మారుతి గిర్రున తిరిగి ఆగిపోయింది. మళ్ళీ స్టార్టయ్యేసరికి ఫైనల్‌కు వెళ్ళే అవకాశం పోయింది. ఆయనకు మాత్రం ఏ శిక్షా లేదు.

తీర్పు చెప్పే పెద్దాయన టెంటుకు పరుగెత్తాను. పిలవకుండానే సునీత కూడా వచ్చింది.

"పొద్దున నాకు తగిలినదానికన్నా ఇది పెద్ద దెబ్బ సార్. నేను వెనకనే ఉంటిని, చూసినాను," అంది.

"రేసన్నాక ఇట్లాంటివి ఉంటాయమ్మా."

"మరి పొద్దున జరిగింది రేసు కాదా?"

ఆయన నావైపు తిరిగి, "పొద్దున ఇక్కడ వేరే ఆయన ఉండె కదప్పా. ఇప్పుడు నేనుండాను," అన్నాడు.

ఫలితం మారలేదు. ఆ కోపంలోనే బండి ఎక్కి వచ్చేశాను. నేను గుద్దిన మనిషే నా తరఫున నిలబడితే, ఆమెకు ఒక్క 'సారీ' కూడా చెప్పలేదని ఇంటికొచ్చాకే గుర్తొచ్చింది. ఇప్పుడు ఏది ఎక్కువగా గుచ్చుతోందో నాకే తెలియడం లేదు. మీరైతే ముందు ఎవరికి ఫోన్ చేస్తారు, ఆ పెద్దాయనకా, సునీతకా?