అసలాయన నవ్వు

అతన్ని అందరూ జూనియర్ అనేవాళ్ళు. చివరికి కన్నతల్లి కూడా అలాగే పిలిచేది. స్టేజీ పాటల ట్రూపులో గాయకుడతను. షాపు ప్రారంభాలకీ, ఆఫీసు వార్షికోత్సవాలకీ, క్లబ్బుల్లో సాయంత్రాలకీ పాడేవాడు. పాడేది ఒకే ఒక్క పాప్ గాయకుడి పాటలు. ఆ గాయకుడంటే ఊరూరా పిచ్చి. ట్రూపులో వాళ్ళు ఆ గాయకుణ్ణి "అసలాయన" అనేవాళ్ళు. ఇతను నకలు కదా మరి.

మీసాలు రాకముందే మొదలైంది ఆ నకలు. స్నానాలగదిలో ప్లాస్టిక్ బకెట్టు తల మీద బోర్లించుకుని పాడితే ఎవరి గొంతు వాళ్ళ చెవుల్లోకే తిరిగొస్తుందని ఎవరో చెప్పారు. ఇక చూసుకోండి. బయట తల్లి తలుపు బాదేది. "బకెట్టు దింపి నీళ్ళు పోసుకోరా, అవతల నేను పనికి పోవాలి!" ఇరుగుపొరుగుతో అనేది, "తిండి పెట్టేది నేను, గొంతు మాత్రం ఎవరిదో తెచ్చుకున్నాడు."

అసలాయన గొంతులో జనానికి నచ్చింది నవ్వు. పాడేటప్పుడు పెదాల చివర్లు చెవుల వైపు లాగి పెట్టేవాడు. అలా లాగితే గొంతు పలచబడి మెరుపొస్తుంది. కళ్ళు మూసుకుని విన్నా పాడేవాడు నవ్వుతున్నాడని తెలిసిపోతుంది. మాట చివర ఎక్కిలి లాంటిదొకటి విరిచేవాడు. తాళానికి వెంట్రుకవాసి ముందుండేవాడు, కదిలే బస్సెక్కేవాడిలా. జూనియర్ ఇవన్నీ పట్టేశాడు. ఏ మాట ముందు అసలాయన ముక్కుతో గాలి పీలుస్తాడో, ఏ మాట ముందు నోటితో పీలుస్తాడో కూడా అతనికి నిద్రలో లేపి అడిగినా తెలుసు.

అన్ని పాటల్లోకీ పేరుమోసిన పాట ఒకటుంది.

"తలుపు తీసే ఉంచా, గాలొచ్చి పోయింది,
దీపం పెట్టే ఉంచా, నీడొచ్చి కూర్చుంది,
ఎప్పుడొస్తావో చెప్పు..."

ఆ "చెప్పు" దగ్గర అసలాయన ఎక్కిలి పెట్టి నవ్వుతాడు. జనం గెంతుతూ "చెప్పు! చెప్పు!" అని అరుస్తారు. ఒక కాలేజీలో ఎవడో నిజంగానే చెప్పు విసిరాడు. జూనియర్ పాట ఆపకుండా దాన్ని పట్టుకుని, "రెండోది కూడా పంపు, సైజు సరిపోయింది" అన్నాడు. ఆ సంగతి ట్రూపులో ఏళ్ళ తరబడి చెప్పుకున్నారు.

పెళ్ళాం అతనికి మామయ్య కూతురే. బావా అని పిలిచేది. స్వెట్టర్ల మిల్లులో చెకింగ్ సెక్షన్లో పని చేసేది. అల్లిన స్వెట్టర్ని లోపలి వైపుకి తిప్పి, అరచేతిని నెమ్మదిగా జరుపుతూ, అల్లిక ఎక్కడ జారిందో వెతకడం ఆమె పని. చూపుకంటే చెయ్యే ముందు కనిపెట్టేది. సాయంత్రం ఇంటికొచ్చాక కూడా దిండుగలీబునో తువ్వాలునో అలా తడుముతూ కూర్చునేది, పనైపోయిందని చేతికింకా తెలియనట్టు.

అతను స్టేజీ మీద పాడుతుంటే ఆమె ఒకట్రెండుసార్లు వచ్చి విని వెళ్ళింది. ఇంట్లో మాత్రం అప్పుడప్పుడు అడిగేది.

"బావా, నాకోసం ఒక పాట పాడవా?"

అతను గొంతు సవరించుకుని, పెదాలు లాగి, మొదలుపెట్టేవాడు. ఆమె నవ్వేది. "అబ్బే, ఆయన్నెందుకు పిలిచావు? మనింట్లో ఉన్న మంచం ఒక్కటే."

ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. అంతకుమించి ఆ సంగతి ఎవరూ కదపలేదు.

తర్వాత మిల్లువాళ్ళు చాలా దూరంలో ఉన్న ఊళ్ళో కొత్త యూనిట్ పెట్టారు. అక్కడ చేరినవాళ్ళకి చెకింగ్ నేర్పడానికి పాతవాళ్ళు ఒకరు కావాలన్నారు. ఆమెని పంపారు. ముందు కొన్ని నెలలన్నారు. యంత్రాలు రావడం ఆలస్యమైంది, నేర్చుకున్నవాళ్ళు మానేశారు, మళ్ళీ కొత్తవాళ్ళు చేరారు. నెలలు కాస్తా ఏళ్ళయ్యాయి. రానూపోనూ ప్రయాణానికే సెలవంతా అయిపోయేది కాబట్టి ఎప్పుడో తప్ప వచ్చేది కాదు.

ఆదివారం మధ్యాహ్నం ఫోను చేసేది. హాస్టల్ గదిలో నలుగురు ఉంటారు కాబట్టి మేడ మెట్ల మీద కూర్చుని మాట్లాడేది. వెనక ఎవరివో బట్టలు ఉతుకుతున్న చప్పుడు వినిపించేది. ఇతను వంటింటి గడప మీద కూర్చునేవాడు. సిగ్నల్ అక్కడే బాగుండేది. తల్లి ముందుగదిలోంచి, "కోడల్ని అడిగానని చెప్పు" అని కేకేసేది. "అత్తకి నేను మరీ మరీ అడిగానని చెప్పు" అని అటునుంచి వచ్చేది. ఆ తర్వాత మాటలు నెమ్మదించేవి. పక్కపక్కన ఉన్నప్పుడు చెప్పుకోనివి ఎన్నో ఆ ఫోనులో చెప్పుకున్నారు. తను చిన్నప్పుడు చీకటి పడ్డాక బావి దగ్గరికి ఎందుకు వెళ్ళేది కాదో ఆమె చెప్పింది. తండ్రి పోయిన రోజు తనకి ఏడుపు రాలేదని, ఆ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదని అతను చెప్పాడు.

ఒక ఆదివారం ఆమె అంది, "మా ఫ్లోర్లో పొద్దస్తమానం రేడియో పెడతారు బావా. ఎప్పుడు చూడు అసలాయన పాటే. ఆ గొంతు వినపడగానే నువ్వే అనుకుంటాను. చెయ్యి ఆగిపోతుంది. తీరా చూస్తే నువ్వు కాదు."

"మరి నన్నేం చెయ్యమంటావు?"

"నీ గొంతుతో పాడు. ఒక్కసారి. నీ గొంతు ఎలా ఉంటుందో నాకు తెలీదు."

అతను అక్కడే గడప మీద మొదలుపెట్టాడు. రెండో మాటకే పెదాలు చెవులకంటుకున్నాయి. అటువైపు ఆమె పకపకా నవ్వింది. తర్వాత నవ్వాగింది.

"ఫోను ఆయన చేతికిచ్చి నువ్వెటు పోయావు?" అంది.

ఆ వారమంతా అతను తన గొంతు కోసం వెతుక్కున్నాడు. పెదాలు బిగించి పాడితే మూలిగినట్టుంది. నోరు పెద్దగా తెరిస్తే అరిచినట్టుంది. ఎలా మొదలుపెట్టినా నాలుగు మాటలయ్యేసరికి అసలాయన వచ్చి కూర్చుంటున్నాడు. సిగ్గు విడిచి కీబోర్డు మాస్టారి దగ్గరికెళ్ళాడు. ట్రూపు నడిపేది ఆయనే. ఏ పాటనైనా ఎవరి గొంతుకి కావాలంటే వాళ్ళ గొంతుకి కుదిర్చి ఇచ్చేవాడు.

"మాస్టారూ, నా శ్రుతి ఏది?"

మాస్టారు కళ్ళజోడు పైకెత్తి చూశాడు. "ఇన్నేళ్ళకి అడిగావా నాయనా? కూర్చో. నీది ఇంకా కింద ఉంటుంది. నువ్వెప్పుడూ నిచ్చెనేసుకుని పాడతావు."

శ్రుతి దించాడు. తాళం నెమ్మది చేశాడు. "ఇప్పుడు పాడకు. ఉత్తినే చెప్పు. ఎదురుగా ఒక మనిషి ఉన్నట్టు, ఆ మనిషికి చెబుతున్నట్టు."

జూనియర్ చెప్పాడు. తలుపు తీసే ఉంచా. గాలొచ్చి పోయింది. దీపం పెట్టే ఉంచా. నీడొచ్చి...

అక్కడ ఆగిపోయాడు. అన్ని స్టేజీల మీద అన్నిసార్లు పాడిన పాట. అది ఖాళీ ఇంట్లో కూర్చున్నవాడి పాట అని అతనికి ఇన్నాళ్ళూ తట్టలేదు. ఏ మాట ముందు గాలి పీల్చాలో తెలుసు గానీ, ఆ మాట ఏమిటో వినలేదు.

"ఇదేంటి మాస్టారూ, ఏడుపు పాటా ఇది?"

"మాటలు అవే. ఆయన నవ్వాడు, గెంతే పాటయింది. నువ్వు నవ్వకపోతే ఇంకోటవుతుంది. తాళం వెనకాల ఉండి చూడు. ఆ వాక్యం అయిపోవడం నీకు ఇష్టం లేనట్టు."

అలా పాడితే గొంతు అడుగున కాస్త గరుకుగా, గాలి కలిసి, పొద్దున్నే నిద్రలేచిన మనిషి మాటలా వచ్చింది. "ఎప్పుడొస్తావో చెప్పు" దగ్గర ఎక్కిలి లేదు. మాట దానంతటదే తేలిపోయింది. మాస్టారు కీబోర్డు మీద నుంచి చేతులు తీసి, కిటికీలోంచి బయటికి చూస్తూ, "అదిగో, దొరికాడు" అన్నాడు.

దొరికిన ఉత్సాహం ఊరుకోనిస్తుందా! ఆ శనివారం ఒక ఆఫీసు వార్షికోత్సవంలో, మాస్టారు వద్దని కళ్ళతో సైగ చేస్తున్నా వినకుండా, అలాగే పాడేశాడు. గెంతుదామని ముందుకొచ్చినవాళ్ళు ఎలా గెంతాలో తెలియక నిలబడిపోయారు. కొందరు మెల్లగా వెనక్కెళ్ళి కుర్చీల్లో కూర్చున్నారు. పాటయ్యాక నిర్వాహకుడు స్టేజీ వెనక్కొచ్చాడు.

"మేం పిలిచింది డాన్సులకండీ, సంతాపసభకి కాదు. అసలాయనలా పాడతారనే కదా మిమ్మల్ని పెట్టుకుంది."

"పొరపాటైందండీ," అని జూనియర్ తర్వాతి పాటకి పెదాలు లాగి పెట్టాడు. హాలు మళ్ళీ గెంతింది. అతనికి మాత్రం నోరు తన ముఖానికి అతికించినట్టుంది. మనసంతా మర్నాటి మధ్యాహ్నం మీదే ఉంది.

ఆదివారం ఫోను మోగగానే అన్నాడు, "మాట్లాడకు. విను."

పాడాడు. ముందుగదిలో తల్లి ఏదో అనబోయి ఆగింది. పాట చివరిదాకా వచ్చింది. అటునుంచి బట్టలుతుకుతున్న చప్పుడొక్కటే వినిపిస్తోంది.

"ఉన్నావా?"

"ఉన్నా."

"ఎలా ఉంది?"

"నువ్వే బావా. మొత్తం నువ్వే."

అతను పొంగిపోయాడు. ఇంకా ఏమైనా అంటుందని చూశాడు. ఆమె ముక్కు ఎగబీల్చుకుంది.

"ఇంకెప్పుడూ ఇలా పాడకు."

"అదేంటి? నువ్వేగా అడిగింది!"

"అడిగాను. తెలీక అడిగాను. ఇప్పుడు ఈ మెట్లు దిగి నేరుగా స్టేషనుకి పోవాలనిపిస్తోంది. రేపు పొద్దున ఆ అమ్మాయిల ముందు నిలబడి చెయ్యెలా ఆడించను? మధ్యాహ్నం రేడియోలో అదే పాటొస్తే..." ఆగింది. "ఆయన నవ్వుతూ పాడతాడు కదా. అది వింటే నువ్వు గుర్తొస్తావు, అయినా పని చేసుకోగలను. ఇది వింటే చేసుకోలేను. నేను వచ్చేదాకా నాకు ఆయన గొంతే పెట్టు బావా. నీది దాచిపెట్టు."

అతను గడప మీద కూర్చుని నేల వైపు చూశాడు. సరేనన్నాడు. తర్వాత పెదాలు చెవుల వైపు లాగి, ఎక్కిలి పెట్టి, "చెప్పు" అన్నాడు. ఆమె ఏడుస్తూనే నవ్వింది.

అప్పటినుంచి ప్రతి ఆదివారం అలాగే పాడాడు. అసలాయన ఎందుకు నవ్వాడో అతనికి తోచింది. ఆ మాటల్ని నవ్వు లేకుండా రోజూ వందమంది ముందు పలకడం ఏ మనిషి వల్లా కాదేమో. ఆ నవ్వు ఊరికే జనం కోసమే పెట్టింది కాదేమో. నిజమేమిటో అసలాయనకే తెలియాలి, అడిగేంత పరిచయం ఎవరికుంది! కానీ జూనియర్ పాటలో చిన్న తేడా వచ్చిందని మాస్టారు గమనించాడు. నవ్వు అదే, ఎక్కిలి అదే, తాళానికి ముందుండటం అదే. "నీడొచ్చి కూర్చుంది" దగ్గర మాత్రం రెప్పపాటు పెదాలు సడలేవి. వెంటనే సర్దుకునేవాడు. గెంతేవాళ్ళకి తెలిసేది కాదు. ఒకసారి వెనక వరసలో కుర్చీలు సర్దుతున్న మనిషి మాత్రం ఆ మాట దగ్గర తలెత్తి చూశాడు.

కొత్త యూనిట్ నిలదొక్కుకున్నాక ఆమె వచ్చేసింది. స్టేషన్లో దిగినప్పుడు చిక్కిపోయి ఉంది. గొంతు మాత్రం పెద్దదైంది, యంత్రాల చప్పుడు మీద అరిచి అరిచి. ఇంటికొచ్చి మూడు రోజులు నిద్రపోయింది. పాట సంగతి ఆమె అడగలేదు. అడిగితే పాడదామని అతను ఎదురుచూశాడు. ఎందుకు అడగలేదో అతనూ అడగలేదు. కొన్నాళ్ళకి ఒక సాయంత్రం ఆమె కూరగాయలు తరుగుతుంటే ఎవరూ అడక్కుండానే కింది శ్రుతిలో పాడాడు. ఆమె కత్తి ఆపి, తలొంచుకుని చివరిదాకా వింది. "బాగుంది బావా," అంది. నిజంగా బాగుందనే అంది. తర్వాత తల్లి మంచినీళ్ళడిగితే లేచి వెళ్ళింది.

ఆ తర్వాత కాపురం కాపురంలాగే సాగింది. కుళాయి కారుతోంది, గ్యాసు అయిపోయింది, తల్లికి కళ్ళజోడు మార్పించాలి. అసలాయన స్టేజీలు తగ్గించుకున్నాడు. జనం కొత్త గొంతుల మీద పడ్డారు. జూనియర్‌ని పిలవడం తగ్గింది. మైకులూ స్పీకర్లూ అద్దెకిచ్చే షాపులో కూర్చోవడం మొదలుపెట్టాడు. వచ్చినవాళ్ళకి మైకు పరీక్షించి చూపించడానికి ఒక మాట పాడేవాడు. ఏ గొంతుతో పాడుతున్నాడో తనకే ఒక్కోసారి తెలిసేది కాదు.

ఒకటి మాత్రం అతని లోపల ఉండిపోయింది. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆమె పక్కగదిలో నడుం వాల్చేది. అతను వంటింటి గడప మీద కూర్చునేవాడు. అంత దూరాన ఉన్నప్పుడు తనతో మాట్లాడిన మనిషి కోసం బెంగగా ఉండేది. ఆ మనిషి గోడకి అవతలే ఉంది. వెళ్ళి పలకరిస్తే, "ఏంటి బావా, ఏమైనా కావాలా?" అంటుంది. ఏం కావాలో అతను ఎలా చెబుతాడు?

ఒక ఆదివారం ఉండబట్టలేక మేడెక్కాడు. నీళ్ళట్యాంకు నీడలో కూర్చుని ఫోను చేశాడు. కింద గదిలో మోగడం పైకి వినపడింది.

"హలో? ఎక్కడున్నావు బావా?" నిద్రగొంతు.

"పైన."

"పైనా? మతిగానీ పోయిందా? కిందికొచ్చి మాట్లాడు."

"వస్తాలే. కాసేపు."

ఆమె ఫోను పెట్టెయ్యలేదు. ఊపిరి వినిపిస్తోంది. మంచం కిర్రుమంది, లేచి కూర్చున్నట్టుంది.

"ఇవాళ ఎందుకో నాకు ఆ మెట్లు గుర్తొచ్చాయి," అంది నెమ్మదిగా. యంత్రాల మీద అరిచే గొంతు కాదది.

"ఏ మెట్లు?" అన్నాడు, తెలిసే.

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. పక్కగది అమ్మాయి ఒకతె రోజూ మొదటి మెట్టు మీద కూర్చుని తలారబెట్టుకునేదట, ఆ తడి వల్ల తనెప్పుడూ రెండో మెట్టు మీదే కూర్చునేదట. అతను ఊ కొడుతూ విన్నాడు. చాలాసేపు మాట్లాడాక, "మబ్బేసింది, కిటికీలోంచి కనపడుతోంది. ఎలాగూ పైనే ఉన్నావుగా, ఆరేసిన బట్టలు తీసుకురా" అంది.

అతను ఫోను భుజానికీ చెవికీ మధ్య నొక్కిపట్టి, తీగ మీది క్లిప్పులు ఒక్కొక్కటే తీయసాగాడు.