సున్నాతో ముగియని అంకెలు

ఇంజనీరింగ్ కాలేజీలో నేను అన్నిటికంటే ముందు నేర్చుకున్న విద్య, ప్రోగ్రాం నడవకముందే దాని ఫలితం రాసేయడం. ల్యాబ్ రికార్డు అని లావుపాటి పుస్తకం ఒకటుండేది. కుడివైపు పేజీలో ప్రోగ్రాం, ఎడమవైపు అవుట్‌పుట్, రెండూ చేత్తోనే రాయాలి. ల్యాబ్‌లో సగం కంప్యూటర్లు ఆన్ అయ్యేవి కావు. అయినవాటి ముందు ముగ్గురేసి కూర్చునేవాళ్లం. అందుకని సీనియర్ల రికార్డు పక్కన పెట్టుకుని, అంకెలు కాస్త అటూ ఇటూ మార్చి, రాని ఫలితాన్ని వచ్చినట్టు రాసుకుపోయేవాళ్లం. మేష్టారు చూడకుండానే సంతకం పెట్టేవారు. అందులో ఎవరికీ తప్పు కనిపించేది కాదు. నాకు మాత్రం ఆ విద్య మరీ బాగా అబ్బింది. చివరికి నా కళ్ల మీదికే తెచ్చింది.

నాకు పదకొండో ఏట షుగర్ వచ్చింది. పెద్దవాళ్లకు వచ్చే రకం కాదు, ఒంట్లో ఇన్సులిన్ బొత్తిగా తయారుకాని రకం. రోజుకి నాలుగు ఇంజెక్షన్లు. నాలుగుసార్లు వేలు పొడుచుకుని, రక్తపు చుక్క మిషన్‌కి చూపించి, వచ్చిన అంకె పుస్తకంలో రాసుకోవాలి. చల్లపల్లిలో మా ఇంట్లో ఈ పనంతా అమ్మే చూసేది. అమ్మ హైస్కూల్లో లెక్కల టీచరు. ఆ పుస్తకానికి నీలం అట్ట వేసి, ప్రతి పేజీలో స్కేలుతో గళ్లు గీసి, నెలాఖరుకి సగటు తీసి అడుగున ఎర్ర సిరాతో వేసేది. సగటు పెరిగిన రోజు ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడేవారు కాదు.

ఇంటర్ అయ్యాక కంప్యూటర్ సైన్సులో చేరతానంటే నాన్న ససేమిరా అన్నారు. ఊళ్లోనే డిగ్రీ చదువుకోమన్నారు. నాకేమో అప్పటికే ప్రోగ్రామింగ్ పిచ్చి పట్టుకుంది. మూడు రోజులు అన్నం దగ్గర అలిగాను. షుగర్ ఉన్నవాడు అన్నం మానేస్తే ఇల్లంతా ఎలా హడలిపోతుందో నాకు బాగా తెలుసు. ఆఖరికి అమ్మే దారి చెప్పింది.

"సరే, హాస్టల్లో ఉండి చదువుకో. కానీ నాలుగు పూటలా చూసుకుని బుక్కులో రాయాలి. నెల నెలా తెచ్చి నాకు చూపించాలి. లెక్క తప్పిందా, ఆ రోజే పెట్టె సర్దుకుని వచ్చెయ్యాలి. మళ్లీ చదువు మాటెత్తకూడదు. ఒప్పుకుంటావా?"

ఒప్పుకున్నాను. అంటే నా చదువు ఆ పుస్తకంలోని అంకెల మీద ఆధారపడిందన్నమాట.

కాలేజీ గన్నవరం అవతల. మొదటి రెండు నెలలు బుద్ధిగానే చూసుకున్నాను. హాస్టల్ అన్నం, వేళకాని వేళ క్లాసులు. అంకెలు రెండొందల ఎనభై, మూడొందల పది ఇలా వచ్చేవి. సగటు చూసి అమ్మ, ఇంకొక్క నెల చూస్తానంది. పొడిచి పొడిచి వేళ్ల కొనలు నొప్పి పెట్టి, కీబోర్డు మీద చెయ్యి వేస్తే చురుక్కుమనేవి. పైగా స్నేహితులు నాకు 'ఉయ్యూరు' అని పేరు పెట్టారు, అక్కడ చక్కెర ఫ్యాక్టరీ ఉంది కదా అని. "ఒరేయ్ ఉయ్యూరూ, టీలో పంచదార తక్కువైంది, వేలు ముంచరా" అనేవారు. నవ్వేవాణ్ణి. నవ్వుతూనే మిషన్‌ను పెట్టె అడుక్కి తోసేశాను.

ఆ నెల ఇంటికి బయల్దేరే రోజుకి పుస్తకంలో పదిహేను రోజులు ఖాళీ. బస్సు చెరుకు లారీల వెనక నత్తనడక నడుస్తుంటే, రెండు పెన్నులు మార్చి మార్చి ఆ గళ్లన్నీ నింపేశాను. అమ్మ రాత్రి భోజనాలయ్యాక చూసి, "సగటు బాగుందిరా" అంది. పేజీ తిప్పుతూ కాసేపాగి, "అదేంటి, అన్నీ సున్నాతోనో అయిదుతోనో అయిపోతున్నాయి? మిషన్ పాడైనట్టుంది, మార్పించాలి" అంది. నన్ను అనుమానించాలని కూడా ఆమెకు తోచలేదు. కొత్త మిషన్ వచ్చింది.

ఆ భయంతోనే, ఏ మేష్టారూ చెప్పకుండా, నా సొంత బుర్రతో ఒక ప్రోగ్రాం రాశాను. నెల పేరు కొడితే చాలు, నెలంతటి షుగర్ అంకెలూ వేసి ఇచ్చేది. పరగడుపున నూటికీ నూట ముప్ఫైకీ మధ్య. భోజనం తర్వాత నూట నలభైకీ నూట ఎనభైకీ మధ్య. సున్నాలూ అయిదులూ వాటంతటవి ఎన్ని వస్తాయో అన్నే. వారానికోసారి రెండొందలు దాటాలి, లేకపోతే నమ్మరు. జ్వరమొచ్చిందని రాస్తే మూడు రోజులు పెరిగి దిగాలి. మే నెల మామిడిపళ్ల కాలం కాబట్టి అన్నింటికీ ఇరవై కలపాలి. ఆ ఇరవై తట్టిన రోజు నన్ను నేను తెగ మెచ్చుకున్నాను.

నా గదిలో ఉండే స్నేహితుడికి చూపిస్తే పడీ పడీ నవ్వాడు. కాసేపటికి నవ్వు ఆపి, "అది సరే, నిజంగా ఎంతుందిరా నీకు?" అని అడిగాడు.

"తెలీదు."

"తెలీకపోతే ఎట్టారా? ఒకసారి చూసుకోవచ్చుగా."

"నీకెందుకురా?" అని విరుచుకుపడ్డాను. వారం రోజులు వాడితో మాట్లాడలేదు. నాకు నిజంగానే తెలియదు. ఇన్సులిన్ మాత్రం గుడ్డి అంచనాతో రోజుకి రెండుసార్లు పొడుచుకునేవాణ్ణి. పడిపోకుండా తిరుగుతున్నాను కాబట్టి బాగున్నాననే అనుకున్నాను.

ఆ ఎండాకాలం అమ్మ మే నెల సగటు తీసి దిగాలుపడింది. "పళ్ల వల్లేరా. ఇంట్లో ఉంటే నీకు మనసు లాగుతుంది" అని ఇక ఆ ఏడాది మామిడిపళ్ల బుట్టే తెప్పించలేదు. నాన్న పెరుగన్నంలోకి రెండు రసాలైనా లేకపోతే భోజనం చేసినట్టే అనుకోరు. ఆయన కూడా ఒక్క మాట అనకుండా మజ్జిగ పోసుకుని లేచారు. ఆ ముందు వారమే నేను హాస్టల్ గేటు దగ్గర బండి మీద నూజివీడు పళ్లు ఆరు తిన్నాను. నాన్న చెయ్యి కడుక్కుంటుంటే చూడలేక తల వంచుకున్నాను. అయినా ప్రోగ్రాంలోంచి ఆ ఇరవై తీసేయలేదు.

ఆరు నెలలకోసారి బెజవాడలో షుగర్ డాక్టరు గారి దగ్గరికి వెళ్లేవాళ్లం. మూడు నెలల సగటు చెప్పేసే రక్తపరీక్ష ఒకటుంటుంది, దాన్ని ఏ పుస్తకమూ మోసం చేయలేదు. కానీ ఆ రిపోర్టు నా ఫోన్‌కే వచ్చేది. పదకొండు పాయింట్ నాలుగు అని ఉన్నచోట ఏడు పాయింట్ ఒకటి చేసి, కాలేజీ దగ్గర జిరాక్స్ షాపులో ప్రింటు తీయించాను. డాక్టరు గారు దాన్నీ పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టి చూసి, "మీ అబ్బాయిని చూపించి మిగతా పేషెంట్లకి బుద్ధి చెప్పాలండీ" అన్నారు అమ్మతో. నాకు ఆయన మీద ఒళ్లు మండింది. ఇంత చదువు చదివి ఇంత తేలిగ్గా నమ్మేస్తాడేంటి అని. అదే గదిలో అమ్మ, కళ్ల పరీక్ష కూడా చేయించమంటారా అని అడిగింది. "ఈ కంట్రోల్‌కి తొందరేం లేదండీ, వచ్చే ఏడాది చూద్దాం" అన్నారు. నేను రాసిన అంకెలే నా కళ్ల పరీక్షను ఏడాది వెనక్కి నెట్టాయి. ఆ సంగతి అప్పుడు తెలియలేదు.

మూడో ఏడాది చివర్లో స్క్రీన్ మీద దుమ్ము ఎక్కువైనట్టు అనిపించేది. రుమాలుతో తుడిచేవాణ్ణి. సెమికోలన్‌కీ కోలన్‌కీ తేడా తెలియక ప్రోగ్రాం తప్పు చూపిస్తుంటే ల్యాబ్ మానిటర్లను తిట్టుకునేవాణ్ణి. నా ల్యాప్‌టాప్‌లో అక్షరాలు పెంచాను. నెల తిరక్కుండా ఇంకోసారి పెంచాను. స్నేహితుడు నా వెనక నిలబడి, "ఏరా, గోడ మీద పోస్టర్ రాస్తున్నావా?" అన్నాడు. వాడి గొంతులో వేళాకోళం పెద్దగా లేదు.

ఆఖరి ఏడాది ల్యాబ్ పరీక్షలో, సగం ప్రోగ్రాం కొట్టాక, కుడికంట్లో పైనుంచి నల్లటి దారం ఒకటి దిగింది. మానిటర్ మీద పురుగనుకుని చేత్తో తోలాను. పోలేదు. నేను ఎటు చూస్తే అటు వచ్చింది. కాసేపటికి గ్లాసు నీళ్లలో సిరా చుక్క పడ్డట్టు ఆ నలుపు కన్నంతా పరుచుకుంది. అయినా లేవలేదు. ఎడమ కన్ను స్క్రీన్‌కి జానెడు దూరంలో పెట్టి మిగతాది పూర్తి చేశాను. బయటి కాలేజీ నుంచి వచ్చిన మేష్టారు రన్ చేయమన్నారు. "వెరీ గుడ్, అవుట్‌పుట్ కరెక్ట్" అన్నారు. అదేమిటో నాకు కనబడలేదు.

మర్నాడు అమ్మ చల్లపల్లి నుంచి నేరుగా కంటి ఆసుపత్రికి వచ్చింది, నాలుగు నీలం అట్ట పుస్తకాలూ సంచిలో వేసుకుని. కంటి డాక్టరు గారు పెద్దావిడ. నా కన్ను లోపలి ఫొటోలు చూశారు. తర్వాత పుస్తకాలు ఒక్కొక్కటే తిరగేశారు.

"వీటి ప్రకారం అయితే ఈ కన్ను ఇలా ఉండకూడదమ్మా" అన్నారు.

"మావాడు ఒక్క పూట కూడా మానలేదండీ. సగటు నేనే తీస్తాను" అంది అమ్మ. ఆ మాటలో ఇంకా గర్వం ఉంది.

డాక్టరు గారు నావైపు తిరిగారు. "చూడు నాన్నా, కుడి కంటికి ఆపరేషన్ చేస్తాను. చూపు ఎంతవరకు వస్తుందో చెప్పలేను. ఇప్పుడు నా భయమంతా ఎడమ కన్ను గురించే. ఇన్నేళ్లూ షుగర్ బాగా ఎక్కువుండి ఉంటే దాన్ని మెల్లగా దింపాలి, ఒక్కసారిగా దింపితే అదీ దెబ్బతింటుంది. లేదూ, ఈ అంకెలే నిజమైతే నేను వేరే జబ్బేదో వెతకాలి. రక్తపరీక్ష ఎలాగూ చేయిస్తాను, కానీ అది మూడు నెలల సంగతే చెబుతుంది. ఏది నమ్మమంటావ్?"

అప్పుడు కూడా, ఉన్న ఒక్క కన్నూ అడ్డం పెట్టి అబద్ధం ఆడేద్దామా అని ఆలోచించాను. అమ్మ ముఖమంటే నాకు అంత భయం.

"అవి నా అంకెలు కావు మేడం. కంప్యూటర్ వేసినవి" అన్నాను.

అమ్మకు అర్థం కాలేదు. "కంప్యూటరేంట్రా? మిషన్‌లో వచ్చిందేగా రాశావ్?"

"మిషన్‌లో చూళ్లేదమ్మా. ప్రోగ్రాం రాశాను. అన్నీ అదే ఇచ్చింది."

"అన్నీనా?"

"అన్నీ."

అమ్మ ఒక పుస్తకం తీసి మే నెల పేజీ తిప్పింది. "మామిడిపళ్లప్పుడు పెరిగినవి కూడానా?" అంది.

"అవీ నేనే కలిపానమ్మా."

సిగ్గుతో చచ్చిపోయాను. అమ్మ తిట్టలేదు, ఏడవలేదు. నాలుగు పుస్తకాలూ అంచులు కలిపి సర్ది, సంచిలో పెట్టుకుని, "ఇప్పుడేం చెయ్యమంటారండీ?" అని డాక్టరు గారిని అడిగింది.

ఆపరేషన్‌లో కంట్లో గ్యాస్ నింపారు. అది పైకి తేలి లోపలి పొరను అదిమి పట్టాలంటే వారం రోజులు బోర్లానే పడుకోవాలన్నారు. గుణదలలో పిన్నివాళ్లింట్లో, దిండు అంచున నుదురు ఆనించి, నేలవైపు ముఖం పెట్టి పడుకున్నాను. కుడి కంటికి కట్టు. ఎడమ కంటికి లేజర్ కొట్టారు, మసక వెలుగు తప్ప ఏమీ తెలియడం లేదు. డాక్టరు గారు చీటీ రాసిచ్చారు. రెండొందల లోపుంటే ఎనిమిది యూనిట్ల ఇన్సులిన్, ఆపైన ప్రతి యాభైకీ ఇంకో రెండు. మెల్లగా రెండొందలకి తేవాలి, మూడొందల పైనే ఉండిపోతే మాత్రం ఎడమ కన్ను తన చేతుల్లో లేదన్నారు.

మూడో రోజు పొద్దున్నే నాలుక పిడచగట్టుకుపోయింది. ఎన్ని నీళ్లు తాగినా దాహం తీరలేదు. అమ్మ మంచం పక్కన కూర్చుని నా వేలు పొడిచింది. మిషన్ కుయ్యిమంది.

"ఎంతమ్మా?"

"నూట తొంభై మూడు" అంది అమ్మ.

హమ్మయ్య అనుకున్నాను. నిజంగానే ఒక్క క్షణం గుండె తేలికపడింది.

ఇన్సులిన్ పెన్ను వెనక మీట తిప్పితే యూనిట్‌కి ఒక్కసారి టిక్కుమంటుంది. చూపు బాగున్నన్నాళ్లూ ఆ చప్పుడు ఎప్పుడూ పట్టించుకోలేదు. ఇప్పుడు చేయడానికి వేరే పని లేక లెక్కపెట్టాను. ఎనిమిది దగ్గర ఆగాలి. ఆగలేదు. తొమ్మిది, పది. పన్నెండు దగ్గర కాస్త ఆగింది, చీటీ మళ్లీ చూసుకుంటోంది కాబోలు. తర్వాత మళ్లీ తిప్పింది. పదహారు.

పదహారంటే నాలుగొందలకి దగ్గర.

సూది నా చేతికి పొడిచి, మెల్లగా పది అంకెలు లెక్కపెట్టి, తీసేసింది. "బానే ఉందిరా, దిగులుపడకు" అంది. గొంతు మామూలుగానే ఉంది.

"ఊఁ, బానే ఉందమ్మా" అన్నాను.

ఏడుపు తన్నుకొచ్చింది. కంటికి మంచిది కాదని పళ్లు బిగబట్టి ఆపుకున్నాను. అమ్మ కొత్త పుస్తకం తెరిచింది. కాగితం మీద పెన్ను కదిలిన చప్పుడు వినిపించింది. ఏ అంకె వేసిందో నేను అడగలేదు.